ఎవరు చూపించినా ఆగాల్సిందే

నా మనవరాలు సునీవాకి ఇంకా మాటలు రాలేదు గానీ కబుర్లకి మాత్రం లోటు లేదు. గుప్పిట మూసి తెరిచిందంటే పాలు కావాలని. తొడ మీద తట్టుకుందంటే కుక్క కనబడిందని. రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపి కొట్టిందంటే ఇంకా పెట్టమని. అరచేతులు తిరగేసి ఆడించిందంటే అయిపోయింది, ఇక నీ గిన్నె నువ్వు తీసుకుపో అని. చెవుడా అంటే అదేం లేదు. కింద నేను ఫ్రిజ్ తలుపు తీస్తే పైన మంచంలో లేచి కూర్చుంటుంది. ఇప్పుడు నార్వేలోని మా హౌగెసుండ్‌లో చంటిపిల్లలందరికీ ఇలా సైగలు నేర్పుతున్నారు. నోరు తిరిగేదాకా ఆగే ఓపిక పిల్లలకి ఉండదట. ఆ ఓపిక లేనిది తల్లులకేమోనని నా అనుమానం.

"మా కాలంలో పిల్ల ఏడిస్తే ఆకలన్నా అయ్యుండాలి, తడిసన్నా ఉండాలి, నిద్రన్నా రావాలి. దానికి సైగలెందుకే?" అన్నాను మొదట్లో మా అమ్మాయి మారెన్‌తో.

"నేను ఏడాదిపాటు ఏడుస్తూనే ఉన్నానని ఊరంతా చెప్పేది నువ్వే కదమ్మా," అంది.

నోరు మూసుకుని పాల సైగ నేర్చుకున్నాను. ఆ తర్వాత కుక్క సైగ కూడా. నిజం చెప్పొద్దూ, సునీవా మొదటిసారి నా వైపు చూసి 'ఇంకా' అన్నట్టు వేళ్ళు కొట్టిన రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా నా కాళ్ళు నేల మీద లేవు. ఆ రోజు దానికి అరటిపండు ఎంత పెట్టానో మారెన్‌కి చెప్పలేదు.

ఇంట్లో ఈ సైగలు అబ్బనిది ఒక్కరికే, మా అల్లుడు ఎస్కిల్‌కి. విచిత్రం ఏమిటంటే అతని ఉద్యోగమే సైగలు చెయ్యడం. సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫారమ్ మీద క్రేన్‌కి దారి చూపిస్తాడు. పైన గాజు గదిలో కూర్చున్న డ్రైవరుకి కింద ఏం జరుగుతోందో సగం కనపడదు, గాలి హోరులో రేడియో మాట సగం వినపడదు. అందుకని ఎస్కిల్ డెక్కు మీద నిలబడి చేతులతో చెబుతాడు. కుడి చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. కిందికి చాపి తిప్పితే దించమని. అరచెయ్యి ఎదురుగా పెట్టి నిలిపితే ఆగమని. ఆ చేతుల్ని నమ్ముకుని లారీ అంత బరువు గాల్లో తిరుగుతుంది. అలాంటి చేతులతో పాల సైగ చేస్తే ఎలా ఉంటుంది? బోల్టు బిగిస్తున్నట్టుంటుంది. సునీవా బెంబేలెత్తి చూసేది.

రెండు వారాలు సముద్రం మీద, నాలుగు వారాలు ఇంట్లో. మొదట్లో బాగానే ఉండేది. ఎనిమిదో నెల వచ్చాక పిల్లకి కొత్త ముఖమంటే భయం పట్టుకుంది, ఆ కొత్త ముఖాల జాబితాలో కన్నతండ్రి ముఖం కూడా చేరిపోయింది. ఎస్కిల్ మనిషి తలుపంత ఉంటాడు. హెలికాప్టర్ దిగి నేరుగా ఇంటికొచ్చి, బ్యాగు కూడా దించకుండా, రెండు చేతులూ చాచి ఒక్క అంగలో వచ్చి పిల్లని ఎత్తేసుకునేవాడు. పిల్ల పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చేది. అతను దాన్ని మారెన్ చేతికిచ్చి, ఏమీ జరగనట్టే నవ్వి, కిందికెళ్ళి కట్టెలు పేర్చుకునేవాడు. మా ఇంటి నేలమాళిగలో ఇప్పుడు రెండు శీతాకాలాలకి సరిపడా కట్టెలున్నాయి. 

మొన్న ఆగస్టులో ఉన్న నాలుగు వారాలూ అంతే. మారెన్ గదిలో ఉంటే పిల్ల అతన్ని దూరం నుంచి చూస్తూ ఊరుకునేది. మారెన్ స్నానానికి వెళ్ళిందా, అయిపోయిందే. ఇదే పెద్ద చిక్కు, ఎందుకంటే సెప్టెంబరు చివర మారెన్ ఆసుపత్రిలో ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి, అప్పటినుంచి క్రిస్మస్ దాకా తండ్రులకిచ్చే సెలవు మీద ఎస్కిల్ ఒక్కడే పిల్లని చూసుకోవాలి. సెలవు నమోదు కూడా అయిపోయింది.

"లేకపోతే అమ్మ ఉందిగా," అంది మారెన్ ఒకసారి, నా వైపు చూడకుండా.

మనవరాలంటే నాకు ప్రాణమే. కానీ నలభై ఏళ్ళు సెలూన్లో నిలబడి ఊరందరి జుట్టూ కత్తిరించిన మోకాళ్ళు నావి. పైగా అక్టోబరులో నేనూ నా స్నేహితురాలు తూరిడ్ ఈ చలి తప్పించుకుని దక్షిణ దేశాల ఎండకి వెళ్ళాలని ఎప్పుడో అనుకున్నాం. ఆ మాట ఆ పూటకి మింగేశాను.

*

ఎస్కిల్ మళ్ళీ సముద్రానికి వెళ్ళే వారంలో ఒక రోజు మారెన్ పరుగుకి వెళ్ళింది. సునీవా గది చివర గొర్రెచర్మం మీద కూర్చుని ఉంది. అతను ఈ చివర గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఇంకా దగ్గరికెళ్తే ఏమవుతుందో తెలిసినవాడిలా. చేతిలో పిల్ల ఇసుకబొక్కెన, దానికి కట్టిన తాడు.

"రాగ్నా, మెట్లెక్కి పైన నిలబడతావా," అన్నాడు నాతో.

"ఎందుకు?"

"నువ్వు క్రేన్‌వి."

"ఈ వయసులో కొత్త ఉద్యోగమా, అల్లుడూ?"

"కూర్చుని చేసే పనే. నేనెటు చూపిస్తే అటు."

బొక్కెనలో ఒక ఉడికిన బంగాళాదుంప వేశాడు. సరుకు లేకుండా క్రేన్ తిరగడం అతనికి నచ్చదు. సైగలిచ్చేది ఒక్కడే ఉండాలని ముందే నాకు చెప్పి పెట్టాడు. నేను పైన మెట్టు మీద కూర్చుని కమ్మీల్లోంచి తాడు వదిలాను. అతను చెయ్యి పైకెత్తి తిప్పాడు, నేను లాగాను. కిందికి తిప్పాడు, వదిలాను. సైగ పూర్తికాకముందే తాడు లాగితే నా వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకి ప్లాట్‌ఫారమ్ మీద ఎంతమంది కుర్రాళ్ళు దారికొచ్చారో నాకర్థమైంది. సునీవా నోరు తెరుచుకుని బొక్కెనని చూస్తోంది, అతని చేతిని చూస్తోంది, మళ్ళీ బొక్కెనని చూస్తోంది. తండ్రిని అది అంతసేపు ఏడవకుండా చూడడం నేనెరగను.

బొక్కెన నా దాకా వస్తుండగా పిల్ల చిట్టి చెయ్యెత్తింది. అరచెయ్యి ఎదురుగా, వేళ్ళు విప్పి. అచ్చం తండ్రి లాగే. నేను ముచ్చటపడుతూనే తాడు లాగుతున్నాను.

"ఆపు, రాగ్నా," అన్నాడు ఎస్కిల్. గట్టిగానే అన్నాడు.

"నువ్వు ఎత్తమంటేనే ఎత్తుతున్నా కదా."

"తను ఆగమంది."

"సైగలిచ్చేది ఒక్కడే అని ఇందాకే కదా చెప్పావు. ఇద్దరు చేతులూపితే క్రేన్ కదలకూడదన్నావు."

"ఎత్తడానికి, దించడానికి ఒక్కడే. ఆగమని మాత్రం ఎవరైనా అనొచ్చు. ఎవరు చూపించినా ఆగాల్సిందే. వంటవాడు చూపించినా సరే, పొద్దున వచ్చిన కొత్తవాడు చూపించినా సరే. ఎందుకని తర్వాత అడగొచ్చు. ముందు ఆగాలి."

"పాకడం మొన్న నేర్చుకున్న పిల్ల చూపించినా?"

"ఎవరైనా," అన్నాడు. నవ్వలేదు. అతనికది హాస్యం కాదు.

బొక్కెన గాల్లో ఊగుతూ ఆగింది. సునీవా తన చేతిని తనే తిప్పి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా దించింది. ఎస్కిల్ నాకు ఎత్తమని చూపించాడు, బొక్కెన కదిలింది. పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి అతను ఒళ్ళు మరిచిపోయాడు. చేతులు చాచి గబగబా దాని వైపు నాలుగడుగులు వేశాడు. ఏడుపు. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మారెన్ చెమటలు కక్కుతూ వచ్చేసరికి తల్లి మెట్ల మీద తాడు పట్టుకుని, భర్త గుమ్మంలో చెయ్యెత్తి, మధ్యలో గాల్లో బంగాళాదుంప.

"ఇదేంటి?"

"లోడింగ్," అన్నాను నేను.

ఆమెకి నవ్వు రాలేదు. "ఎస్కిల్, విగ్‌దిస్ ఏం చెప్పింది? ఇంట్లో అందరూ ఒకే సైగలు వాడాలని కదా. దీని బుర్రలోకి ఇప్పుడు క్రేన్ భాష కూడా ఎక్కిస్తే ఏది ఏమిటో తెలుస్తుందా?" విగ్‌దిస్ అంటే లైబ్రరీలో పిల్లలకి సైగల క్లాసు నడిపే ఆవిడ. మారెన్‌కి ఆవిడ మాటంటే మాటే.

ఎస్కిల్ చెయ్యి దించాడు. "మీ సైగలు దగ్గరికొస్తేనే కనపడతాయి, మారెన్. నావి డెక్కు ఆ చివరినుంచి ఈ చివరికి కనపడతాయి. తను నన్ను ఉండనిస్తున్నది అంత దూరంలోనేగా."

మారెన్ వెళ్ళి అతని భుజం మీద చెంప ఆనించి నిలబడింది. అయినా నియమం నియమమే, బొక్కెన మాత్రం బయట ఇసుకలోకి వెళ్ళిపోయింది.

బయల్దేరే ముందు రోజు నా వంటింట్లో వాఫిల్ అట్లు తింటూ ఎస్కిల్ అసలు మాట బయటపెట్టాడు. "సెలవు వాయిదా వేస్తానంటే మా ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. మనుషులు తక్కువగా ఉన్నారు, పనిలోనే ఉండిపొమ్మంటున్నాడు. ఈసారి తిరిగొచ్చాక చెబుతానన్నాను. ఈసారి కూడా ఏడ్చిందంటే మాత్రం ఉండిపోతాను. దాన్ని రోజంతా భయపెట్టడానికి ఇంట్లో కూర్చోలేను."

"పసిపిల్లరా, నాయనా. దానికేం తెలుసు?"

"తనకి నేనక్కర్లేదు, రాగ్నా. అది తెలుసు," అన్నాడు. వాఫిల్ మీద గోధుమరంగు చీజ్ అలాగే ఉండిపోయింది. చీజ్ వదిలేసిన ఎస్కిల్‌ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నాకు అక్టోబరు ఎండ గుర్తుకు రాలేదు, ఎదురుగా కూర్చున్న ఈ పిల్లవాడే కనిపించాడు, అంతే.

*

అతను లేనప్పుడు గురువారం క్లాసుకి మారెన్‌తో నేనూ వెళ్ళాను. లైబ్రరీ బయట, మా ఊరి అలవాటు ప్రకారం చల్లగాలిలోనే, వరసగా తోపుడుబండ్లలో నిద్రపోతున్న పిల్లలు, లోపల దుప్పటి మీద మేలుకున్న పిల్లలు. తల్లులందరూ ఉన్ని మేజోళ్ళతో గుండ్రంగా కూర్చుని కుందేలు పాట పాడుతూ చేతులు చెవుల్లా ఆడిస్తున్నారు. పాట మధ్యలో పక్కింటావిడ కొడుకు, ముక్కు కారుతున్న బొద్దు పిల్లాడు, సునీవా చేతిలోని రొట్టెముక్క మీద కన్నేసి పాక్కుంటూ వచ్చాడు. సునీవా చెయ్యెత్తింది. అరచెయ్యి ఎదురుగా, వేళ్ళు విప్పి.

"చూశారా, మనకి హలో చెబుతోంది," అంది విగ్‌దిస్ మురిసిపోతూ. తల్లులందరూ చేతులూపారు. గది నిండా హలోలు. మధ్యలో ఆ పిల్లాడు వచ్చి రొట్టె లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

సునీవా ఏడవలేదు. అదే నాకు బాధనిపించింది. ఎత్తిన చేతిని ఒకసారి చూసుకుని ఒళ్ళో పెట్టేసుకుంది, పని చెయ్యని వస్తువుని పక్కన పెట్టినట్టు.

"అది ఎస్కిల్ సైగ," అంది మారెన్ చిన్నగా, దారిలో.

"తెలుసు."

"నేను మాన్పించానమ్మా. అయినా మర్చిపోలేదు."

ఆ వారమంతా గమనించాను. గంజి చెంచా ఎక్కువసార్లు వచ్చినప్పుడు చెయ్యెత్తింది, నేను 'ఇదొక్కటీ' అంటూ పెట్టాను. ముఖం తుడవబోతే ఎత్తింది, తుడిచేశాం. ఎత్తుకుని ముద్దులాడబోయిన తూరిడ్‌కి కూడా చూపించింది. తూరిడ్ ఆ అరచేతినే ముద్దుపెట్టుకుంది. ఇంట్లో సైగలు ఇన్ని నేర్పాం గదా, అవన్నీ మాకు వీలైనవే. అయిపోయిందని చెప్పడం నేర్పాం గానీ, వద్దు, ఆగు అని చెప్పే సైగ మేమెవరం నేర్పలేదు. తండ్రి నేర్పాడు, అదీ పొరపాటున.

*

పొగమంచు వల్ల హెలికాప్టర్ ఒక రోజు ఆలస్యమైంది. శనివారం మధ్యాహ్నం టాక్సీ చప్పుడు వినపడగానే మారెన్ ముఖం పాలిపోయింది. సునీవా హాలు ఆ చివర, సోఫా అంచు పట్టుకుని నిలబడి ఉంది. నిలబడడం కొత్తగా వచ్చింది దానికి.

తలుపు తెరుచుకుంది. ఎస్కిల్ బ్యాగుతో, వర్షంతో, తలుపంత మనిషిగా నిలబడ్డాడు.

"నెమ్మదిగా రా," అంది మారెన్.

"టోపీ తియ్యి," అన్నాను నేను.

"మోకాళ్ళ మీద కూర్చో. కుక్క సైగ చెయ్యి, దానికిష్టం."

"చేతులు చాచకు."

అతను అందరి మాటా విని టోపీ తీశాడు, ఒక బూటు విప్పాడు. పిల్లని చూసి ముఖం వెలిగిపోయింది. ఒక్క అడుగు వేశాడు.

సునీవా పెదవి వంకర తిరిగింది. ఏడుపు వచ్చే ముందు ఎప్పుడూ అలాగే తిరుగుతుంది. ఒక చేత్తో సోఫా పట్టుకునే రెండో చెయ్యెత్తింది. అరచెయ్యి ఎదురుగా, వేళ్ళు విప్పి.

ఎస్కిల్ ఆగిపోయాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, భుజాన బ్యాగు. ఆ మేజోటి కాలు సగం పైకి లేచే ఉంది.

"ఏడవడం లేదు, వెళ్ళి ఎత్తుకో," అంది మారెన్ గుసగుసగా.

"ఆగమంది."

"ఎస్కిల్, అది చిన్నపిల్ల."

"ఎవరైనా సరే."

నిలబడ్డాడు. కోటు మీది నీళ్ళు కారి చాప మీద మడుగు కడుతున్నాయి. బ్యాగు బరువుకి భుజం వంగుతోంది. దించలేదు. కదలమని ఎవరూ అననిదే బ్యాగు దించడం కూడా కదలడమే కాబోలు. మారెన్ మళ్ళీ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. జీవితంలో మొదటిసారి నా కూతురు నా మాట ఎందుకని అడక్కుండా విన్నది.

సునీవా పెదవి మళ్ళీ దాని చోటికి వచ్చింది. తన చెయ్యి చూసుకుంది. తండ్రిని చూసింది. ఇంత పెద్ద మనిషి ఈ చిన్న చేతికి ఆగాడంటే దానికి నమ్మకం కుదిరినట్టు లేదు. పరీక్షగా చెయ్యి దించింది.

ఎస్కిల్ ఒక అడుగు వేశాడు.

చెయ్యి లేచింది. అతను ఆగాడు.

చెయ్యి దిగింది. అడుగు.

లేచింది. ఆగాడు. ఈసారి పిల్ల నవ్వింది. పొట్ట కదిలిపోయేలా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ సోఫా వదిలేసి చతికిలబడింది, కూర్చునే చెయ్యెత్తింది. ఆ హాలు దాటడానికి నాలుగంగలు చాలు అతనికి. కాఫీ కాచినంతసేపు పట్టింది. నేను నిజంగానే వెళ్ళి కాఫీ కాచుకుని వచ్చాను, వచ్చేసరికి ఇంకా టీవీ దగ్గరే ఉన్నాడు. మారెన్ గోడకానుకుని కూర్చుని ముక్కు చీదుకుంటోంది.

చివరికి దాని ముందుకి వచ్చి మోకాళ్ళ మీద వంగాడు. బ్యాగు అప్పుడు జారి కింద పడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేతులు అతను ముందుకి చాచలేదు. తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు, క్రేన్ లాగా, చెప్పేదాకా.

సునీవా కుడి చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పింది. గుండ్రమని నేనంటున్నాను గానీ అది గాలిలో పిచ్చిగీత. ఎస్కిల్‌కి చాలు. రెండు చేతులతో దాన్ని చంకల కింద పట్టుకుని మెల్లగా, గాజు సామాను ఎత్తినంత మెల్లగా ఎత్తసాగాడు. పిల్ల ఏడవలేదు. అతని ముఖం దగ్గరపడుతోంది, చూస్తోంది, పైకి వస్తోంది. అతని ఛాతీ దాకా వచ్చాక అరచెయ్యి పెట్టింది.

ఆగాడు.

అక్కడే ఉంచాడు, గాల్లో. దగ్గరికి హత్తుకోలేదు. అలా ఒక మనిషి చేతులు చాచి పదికిలోల పిల్లని ఎంతసేపు పట్టుకోగలడో ప్రయత్నించి చూడండి.  కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. సునీవా ఆ నీళ్ళని శ్రద్ధగా చూసి రెండో చేతి వేలితో ఒకసారి తాకింది. చెయ్యి మాత్రం దించలేదు.

"హత్తుకో, ఎస్కిల్," అంది మారెన్. "ఇంక ఏమనదు."

"తను చెప్పనీ."

అతని కోటు జేబులో ఫోన్‌కి మెసేజ్ వచ్చిన చప్పుడైంది.

"రాగ్నా, చూస్తావా. ఫోర్‌మన్ అయి ఉంటాడు."

ఫోర్‌మనే. వాయిదా సంగతి ఏమైందని అడుగుతున్నాడు. చదివి వినిపించాను.

"నువ్వే జవాబు కొట్టు. నాకు చేతులు ఖాళీ లేవు."

"ఏమని?"

అతను కూతురి మీంచి కళ్ళు తిప్పలేదు. "క్రిస్మస్ దాకా రాలేనని. సరుకు గాల్లో ఉంది, ఇంకా కదలమనలేదని."

ఉన్నదున్నట్టు కొట్టి పంపాను. జవాబు వెంటనే వచ్చింది. ఆ ఫోర్‌మన్ కూడా డెక్కు మీద పెరిగినవాడేగా, ఎందుకని అడగలేదు. 'అయితే అలాగే నిలబడు' అని రాశాడు.

ఆ మాట చదివి చెప్పేసరికి సునీవా చెయ్యి దించింది.